కాండక్ట్ సర్టిఫికెట్ నుంచి బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాకా

మనలో చాలామందిమి పదో తరగతి అయ్యాక స్కూలు ఆఫీసు కిటికీ ముందు నిలబడి మూడు కాగితాలు తెచ్చుకున్నవాళ్ళమే. మార్కుల జాబితా, టి.సి., కాండక్ట్ సర్టిఫికెట్. ఆ మూడో కాగితంలో అందరికీ ఒకటే మాట ఉండేది. జామచెట్టు ఎక్కి కాయలు దులిపినవాడికీ, లెక్కల మాస్టారి సైకిలు గాలి తీసినవాడికీ, నోట్లో నాలుక లేని బుద్ధిమంతుడికీ హెడ్మాస్టరుగారు "సంతృప్తికరం" అనే రాసి సంతకం పెట్టేవారు. తప్పు చేస్తే బెత్తం దెబ్బలు, గోడకుర్చీ, ఇంటికి కబురు. నాన్నగారి చేతిలో మిగతా ముచ్చట. అంతటితో సరి. ఎంసెట్ కౌన్సెలింగులో గానీ, తర్వాత క్యాంపస్ ఇంటర్వ్యూల్లో గానీ మా జామకాయల సంగతి ఎవరూ అడగలేదు.

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లల సంగతి వేరు. ఇక్కడ చాలా హైస్కూళ్ళలో పోలీసు ఆఫీసరు ఉంటారు. పిల్లలు కొట్టుకున్నా, షాపులో చిన్న వస్తువు జేబులో వేసుకున్నా, బ్యాగులో వేప్ పెన్ దొరికినా అది ముందు ఒక రిపోర్టు అవుతుంది. దానికొక నంబరు వస్తుంది. ఆ నంబరు కంప్యూటరులోకి ఎక్కుతుంది. అక్కడినుంచి ఎక్కడెక్కడికి వెళుతుందో మనకు తెలియదు. సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్న మాలాంటివాళ్ళకు ఒక్క విషయం మాత్రం బాగా తెలుసు. కంప్యూటరులోకి ఎక్కించడం తేలిక, తీసేయడం చాలా కష్టం.

పద్యాలూ, పండుగ వంటలూ, అమ్మమ్మగారి ఊరి కబుర్లూ ఉండవలసిన వార్షిక సంచికలో ఈ గొడవేమిటని మీరు అనుకోవచ్చు. మేము ఈ బడిలో చాలా ఏళ్ళుగా అచ్చులూ హల్లులూ చెబుతున్నాము. మా దగ్గర ఆరేళ్ళ వయసులో "అ, ఆ" దిద్దిన పిల్లలు ఇప్పుడు కార్లు నడుపుకుంటూ వస్తున్నారు. పిల్లలు పెద్దవాళ్ళవుతున్నకొద్దీ పార్కింగు లాట్‌లో తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు కూడా మారుతున్నాయి. గుణింతాల గురించి అడిగేవాళ్ళు తగ్గారు. "అన్నా, ఒక మాట, పక్కకొస్తారా?" అనేవాళ్ళు పెరిగారు.

కొన్నేళ్ళ క్రితం అలా పక్కకు పిలిచినవారిలో ఒక తండ్రి ఉన్నారు. వాళ్ళ అబ్బాయికి అప్పుడు 16 ఏళ్ళు. నలుగురు స్నేహితులు కలిసి మాల్‌కి వెళ్ళారు. ఒకడు హెడ్‌ఫోన్స్ తీసి మనవాడి బ్యాగులో వేశాడు. మనవాడికి తెలిసే వేశాడు. గుమ్మం దాటగానే సెక్యూరిటీవాళ్ళు ఆపారు, పోలీసులొచ్చారు. ఇది జరిగిన మూడు వారాల తర్వాత గానీ ఆ తండ్రి మాతో చెప్పలేదు. ఆ మూడు వారాలూ భార్యాభర్తలు సరిగా నిద్రపోలేదు, ఎవరికీ ఫోను చేయలేదు, ఇండియాలో పెద్దవాళ్ళకు కూడా చెప్పలేదు. ఆయన మమ్మల్ని అడిగిన మొదటి మాట ఇది: "కోర్టులో తప్పయిపోయిందని ఒప్పేసుకుంటే తొందరగా వదిలేస్తారు కదా అన్నా? నలుగురికీ తెలియకుండా అయిపోతుంది కదా?"

మేము లాయర్లం కాము. ఆ మాటే ఆయనకు చెప్పి, బాలల కేసులు చూసే లాయరుని వెతకడంలో సాయపడ్డాము. ఆ క్రమంలో మేము చదివినవీ, విన్నవీ, ఫారాలు నింపుతున్నవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాము.

పిల్లలకు వేరే కోర్టు

పిల్లల తప్పునూ పెద్దల నేరాన్నీ ఒకే త్రాసులో తూయకూడదన్న ఆలోచనతో ప్రపంచంలో మొట్టమొదటి బాలల కోర్టు 1899లో చికాగోలో మొదలైంది. మన వైపు 1920లో మద్రాసు బాలల చట్టం వచ్చింది. అప్పటికి కోస్తా జిల్లాలూ రాయలసీమా మద్రాసు రాష్ట్రంలోవే కాబట్టి మన తాతల కాలంలోనే ఈ ఆలోచన తెలుగునాట అడుగుపెట్టిందన్నమాట.

అమెరికాలో బాలల కోర్టు పిల్లవాడు తప్పు చేశాడని తేల్చినా, దాన్ని సాధారణంగా "కన్విక్షన్" అనరు. "అడ్జుడికేషన్" అంటారు. ఇది మాటల గారడీ కాదు. ముందు ముందు ఉద్యోగం ఫారంలో "మీరు ఎప్పుడైనా కన్విక్ట్ అయ్యారా?" అని అడిగితే జవాబు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

కానీ బాలల కోర్టు మెత్తటిది కదా, లాయరెందుకు అనుకోవడం పొరపాటు. 1964లో ఆరిజోనాలో జెరాల్డ్ గాల్ట్ అనే 15 ఏళ్ళ అబ్బాయి పొరుగింటావిడకు ఫోను చేసి అసభ్యంగా మాట్లాడాడని పోలీసులు పట్టుకెళ్ళారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి వెళ్ళి ఉన్నారు. ఇంట్లో చీటీ అయినా పెట్టలేదు. లాయరు లేడు, ఫిర్యాదు చేసినావిడ కోర్టుకే రాలేదు. 21 ఏళ్ళు వచ్చేదాకా ప్రభుత్వ సంస్కరణ పాఠశాలలో ఉంచమని జడ్జి ఉత్తర్వు వేశారు. అంటే ఆరేళ్ళు. అదే పని పెద్దవాళ్ళు చేస్తే 5 నుంచి 50 డాలర్ల జరిమానా, లేదా రెండు నెలల లోపు జైలు! ఈ కేసులోనే 1967లో అమెరికా సుప్రీంకోర్టు పిల్లలకు కూడా లాయరు హక్కు, మౌనంగా ఉండే హక్కు, ఆరోపణ ఏమిటో ముందుగా తెలుసుకునే హక్కు ఉన్నాయని తీర్పు చెప్పింది.

హక్కు ఉన్నంత మాత్రాన చాలదు, వాడుకోవాలి. పెన్సిల్వేనియాలోని లుజర్న్ కౌంటీలో మార్క్ సియావరెల్లా, మైకేల్ కోనహన్ అనే ఇద్దరు జడ్జీలు ప్రైవేటు బాలల నిర్బంధ కేంద్రాల వ్యవహారంలో 25 లక్షల డాలర్లకు పైగా ముడుపులు తీసుకున్నట్టు 2009లో బయటపడింది. సియావరెల్లా కోర్టులో ఎంతోమంది పిల్లలు లాయరు లేకుండానే నిలబడ్డారు. వైస్ ప్రిన్సిపాల్‌ను ఎగతాళి చేస్తూ ఇంటర్నెట్‌లో పేజీ పెట్టిన అమ్మాయిని కూడా నిర్బంధానికి పంపారు. చివరికి ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2003 నుంచి 2008 దాకా ఆయన ఇచ్చిన వేలకొద్దీ తీర్పులను కొట్టేసి, ఆ రికార్డులను చెరిపేయమంది. 2011లో జడ్జీల్లో ఒకరికి 28 ఏళ్ళు, మరొకరికి పదిహేడున్నర ఏళ్ళు శిక్ష పడింది. "తొందరగా ఒప్పేసుకుంటే పోతుంది కదా" అన్న మాట ఎవరైనా అన్నప్పుడల్లా మాకు ఈ కౌంటీ గుర్తుకొస్తుంది.

పదిహేడో ఏడు

మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న రెండు రాష్ట్రాల తల్లిదండ్రులు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలని మా మనవి. టెక్సాస్, జార్జియాలలో 17 ఏళ్ళ పిల్లవాణ్ణి అరెస్టు చేస్తే ఆ కేసు పెద్దల కోర్టుకే వెళుతుంది. విస్కాన్సిన్‌లోనూ అంతే. లూయిసియానా 2019లో 17 ఏళ్ళవాళ్ళను బాలల కోర్టుకు మార్చి, 2024లో మళ్ళీ పెద్దల కోర్టుకే పంపింది. నార్త్ కరొలైనాలో 2019 డిసెంబరు దాకా 16 ఏళ్ళవాళ్ళను కూడా పెద్దవాళ్ళుగానే చూసేవారు.

అంటే డాలస్ శివార్లలోనో అట్లాంటా శివార్లలోనో లెవెంత్ గ్రేడ్ చదువుతూ, ఓటు హక్కు కూడా లేని పిల్లవాడికి పెద్దవాళ్ళ రికార్డు వస్తుంది. దానికి బాలల రికార్డుకుండే చాటు ఉండదు. పైగా టెక్సాస్‌లో గంజాయి నూనె నింపిన వేప్ కార్ట్రిడ్జ్ దగ్గరుంటే, ఒక గ్రాము కన్నా తక్కువైనా అది ఫెలనీ. పక్క రాష్ట్రంలో దుకాణంలో అమ్మేది ఇక్కడ ఫెలనీ ఎలా అవుతుందని పిల్లలు వాదిస్తారు. వాదన సబబుగానే ఉండవచ్చు. కానీ రాసుకునేది వాళ్ళు కాదు. పదిహేడో పుట్టినరోజుకు కారు తాళాలు చేతికిచ్చే ముందు ఈ సంగతి చెప్పడం మంచిది.

ముగ్గురు అడుగుతారు, మూడు రకాలుగా అడుగుతారు

పిల్లవాడు పెద్దయ్యాక ఈ పాత కాగితం గురించి అడిగేవాళ్ళు ముఖ్యంగా ముగ్గురు.

మొదటివారు ఉద్యోగమిచ్చేవారు. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం బయటి కంపెనీ చేత బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించాలంటే ముందు మన సంతకం తీసుకోవాలి. అందులో కనిపించినదాన్ని బట్టి ఉద్యోగం ఇవ్వకూడదనుకుంటే, తుది నిర్ణయానికి ముందే ఆ రిపోర్టు కాపీ మనకివ్వాలి. తప్పులుంటే సరిచేయమని అడిగే హక్కు మనకుంది. శిక్ష పడని అరెస్టులను ఏడేళ్ళు దాటాక రిపోర్టు చేయకూడదు. ఐతే ఏడాదికి 75,000 డాలర్లు, ఆపైన జీతం ఉండే ఉద్యోగాలకు ఆ ఏడేళ్ళ హద్దు వర్తించదు. మన పిల్లల్లో చాలామంది చేరేవి అలాంటి ఉద్యోగాలేనని వేరే చెప్పనక్కరలేదు. దరఖాస్తులోనే నేర చరిత్ర అడగకూడదన్న నియమం 1998లో హవాయిలో మొదలై చాలా రాష్ట్రాలకు పాకింది. 2021 డిసెంబరు నుంచి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో కూడా, కొన్ని మినహాయింపులతో, ఉద్యోగం ఇస్తామని చెప్పాకే అడగాలి.

రికార్డును "సీల్" చేయడం, "ఎక్స్‌పంజ్" చేయడం అని రెండు మాటలు వింటుంటాము. మొదటిది తాళం వేయడం, రెండోది చెరిపేయడం. కాలిఫోర్నియాలో 2015 నుంచి ప్రొబేషన్ సరిగా పూర్తిచేసిన పిల్లల రికార్డులను చాలావరకు కోర్టే సీల్ చేస్తోంది. కానీ అన్నిచోట్లా, అన్ని కేసుల్లో దానంతటదే జరగదు. దరఖాస్తు పెట్టుకోవలసిన సందర్భాలు చాలా ఉన్నాయి. పెట్టుకోకపోతే తెరిచే ఉంటుంది. ఇక్కడ మా వృత్తి వాసన కొంచెం తగులుతుంది, క్షమించండి. కోర్టు తన డేటాబేసుకు తాళం వేసిన రోజున, అంతకు ముందే దాన్ని కాపీ చేసుకున్న కంపెనీల డేటాబేసులకు ఆ కబురు వెంటనే అందుతుందన్న నమ్మకం లేదు. అందుకే సీల్ చేసిన ఉత్తర్వు కాపీ ఇంట్లో పాస్‌పోర్టుల పక్కన భద్రంగా పెట్టుకోవాలి. ఎక్కడైనా పాత ముక్క బయటపడితే చూపించడానికి అదొక్కటే ఆధారం.

రెండోవారు కాలేజీలు. వందలాది కాలేజీలు వాడే కామన్ అప్లికేషన్‌లో 2006 నుంచి నేర చరిత్ర ప్రశ్న ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. స్కూలు క్రమశిక్షణ చర్యల ప్రశ్నను కూడా 2021లో తీసేశారు. న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ 2016లోనే తన దరఖాస్తులోంచి ఆ ప్రశ్నను తీసేయాలని నిర్ణయించింది. లూయిసియానా 2017లో ప్రభుత్వ కాలేజీలకు చట్టమే చేసింది. ఐనా ఏ కాలేజీ ఐనా తన అనుబంధ ఫారంలో అడగవచ్చు. మెడికల్ కాలేజీలు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయిస్తాయి. లాయరు కావాలనుకునే పిల్లలను బార్ పరీక్షవాళ్ళు ఇంకా లోతుగా అడుగుతారు. "అరెస్టు అయ్యారా", "ఛార్జి చేశారా", "కన్విక్ట్ అయ్యారా" అనేవి మూడు వేరువేరు ప్రశ్నలు. ఏది అడిగారో దానికే జవాబు చెప్పాలి. అడగనిది చెప్పనక్కరలేదు, అడిగినది దాచకూడదు.

మూడోవారు మనందరికీ బాగా తెలిసినవారే, ఇమ్మిగ్రేషన్ వారు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా తడబడతారు. "సీల్ అయింది కాబట్టి లేనట్టే" అన్న సూత్రం ఈ గుమ్మం దగ్గర పనిచేయదు. వీసాకు నింపే డి.ఎస్.160, గ్రీన్ కార్డుకు నింపే ఐ-485, సిటిజన్‌షిప్‌కు నింపే ఎన్-400, ఇవన్నీ అరెస్టుల గురించి కూడా అడుగుతాయి. రికార్డు సీల్ అయినా చెప్పమని ఎన్-400 సూచనల్లోనే ఉంది. గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడ్డ మన కుటుంబాల్లో హెచ్-4 మీద పెరిగిన పిల్లలు 21 నిండేసరికి ఎఫ్-1కు మారవలసి వస్తోంది. స్టాంపింగుకు హైదరాబాదు కాన్సులేటుకు వెళ్ళాలంటే ఆ డి.ఎస్.160 నింపక తప్పదు.

ఇందులో ధైర్యం చెప్పే మాట కూడా ఒకటుంది. బాలల కోర్టు ఇచ్చిన నిర్ణయం ఇమ్మిగ్రేషన్ చట్టం దృష్టిలో కన్విక్షన్ కాదని ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు 2000లో చెప్పింది. కాబట్టి చాలా సందర్భాల్లో నిజం చెబితే వచ్చే ఇబ్బంది కన్నా, దాచి దొరికిపోతే వచ్చే ప్రమాదమే పెద్దది. ఐతే మాదకద్రవ్యాల కేసుల్లో చిక్కులు వేరు, పెద్దల కోర్టులో పడ్డ శిక్షల లెక్క వేరు. అందుకని క్రిమినల్ లాయరుతో పాటు ఇమ్మిగ్రేషన్ లాయరుకు కూడా ఫీజు ఇవ్వక తప్పదు. ఒప్పుకోలు సంతకం పెట్టక ముందే ఇవ్వాలి, పెట్టాక కాదు. ఇంకొకటి, రికార్డు సీల్ చేయించే ముందే కేసు ఎలా ముగిసిందో తెలిపే సర్టిఫైడ్ కాపీలు తీసుకోవాలి. తాళం వేశాక ఆ కాగితాన్ని మనమే అడిగినా దొరకడం కష్టమవుతుంది.

పిల్లలకు నేర్పవలసిన ఒక్క వాక్యం

మన ఇళ్ళలో పిల్లలకు చెప్పేది "పెద్దవాళ్ళు అడిగితే నిజం చెప్పు" అని. ఇంట్లో అది బంగారం లాంటి మాటే. పోలీసు స్టేషన్ గదిలో మాత్రం దానికి ముందు ఇంకో మాట ఉండాలి: "నాకు లాయరు కావాలి. లాయరు వచ్చేదాకా మాట్లాడను." అమ్మానాన్నలను పిలవమంటే చాలదు. లాయరు అన్న మాటే స్పష్టంగా అనాలి. పోలీసులు ప్రశ్నించేటప్పుడు పిల్లవాడి వయసును లెక్కలోకి తీసుకోవాలని 2011లో నార్త్ కరొలైనాకు చెందిన 13 ఏళ్ళ అబ్బాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాలిఫోర్నియాలో 2021 నుంచి 18 ఏళ్ళ లోపువాళ్ళు అదుపులో ఉంటే, ప్రశ్నించే ముందు లాయరుతో మాట్లాడించాలి. ఇల్లినాయ్‌లో 2022 నుంచి మైనర్లను అబద్ధాలతో మభ్యపెట్టి రాబట్టిన ఒప్పుకోలు మామూలుగా కోర్టులో చెల్లదు. మిగతా చాలా రాష్ట్రాల్లో ఇంత రక్షణ లేదు. అబద్ధం చెప్పమని మేము అనడం లేదు. మాట్లాడకుండా ఉండటం వేరు, అబద్ధం వేరు అని పిల్లలకు విడమరిచి చెప్పమంటున్నాము.

ఊరి మూతికి మూకుడు

ఆ అబ్బాయి కథ కోర్టులో బాగానే తేలింది. లాయరు సాయంతో కేసును డైవర్షన్ పద్ధతిలోకి మార్చారు. ఫుడ్ బ్యాంకులో అరవై గంటలు పనిచేశాడు, క్షమాపణ ఉత్తరం రాశాడు, కేసు మూసేశారు. తర్వాత మా బడిలో చిన్నపిల్లల తరగతికి సహాయకుడిగా వస్తానన్నాడు. మేము సంతోషించాము. రెండు వారాలకు ఒక తల్లి మాకు ఫోను చేశారు. "ఏమండీ, ఆ అబ్బాయి మీద ఏదో పోలీసు కేసుందట కదా, మా పాప తరగతిలో ఎలా పెట్టుకున్నారు?" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు, ఏ తల్లికైనా ఆ భయం ఉంటుంది. ఆవిడకు ఎవరు చెప్పారంటే ఇంకెవరో. వాళ్ళకు ఇంకెవరో. ఏదో వాట్సాప్ గ్రూపులో ఎవరో వేశారట.

మా కార్యవర్గం ఆ ఆదివారం రెండు గంటలు కూర్చుంది. మా బడిలో 18 ఏళ్ళు దాటిన ప్రతి వాలంటీరుకూ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయిస్తాము. అది ఉండి తీరాలి, పిల్లల భద్రతలో మొహమాటం పనికిరాదు. కానీ పసిపిల్లలకు హాని చేసే స్వభావానికీ, పదహారేళ్ళ వయసులో హెడ్‌ఫోన్స్ దొంగతనానికీ సంబంధముందా? కోర్టు మూసేసిన కాగితాన్ని తెలుగు బడి తెరవవచ్చా? ఒకరు వద్దన్నారు, ఒకరు ఈ ఏడాదికి ఆగుదామన్నారు. చివరికి ఎప్పటిలాగే పెద్దవాళ్ళు పక్కనుండగా అబ్బాయిని కొనసాగించాలని నిర్ణయించాము. ఫోను చేసిన తల్లిగారితో మాలో ఇద్దరు వెళ్ళి మాట్లాడారు. కాఫీ ఇచ్చారు, విన్నారు, "సరే, చూద్దాం" అన్నారు. పాపను మాన్పించలేదు. ఇప్పుడు ఆ అబ్బాయి కాలేజీలో ఉన్నాడు.

ఆ రెండు గంటల్లో మాకు అర్థమైంది ఇది. ఇండియాలో 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ఘోర నేరాల మినహాయింపు తప్పితే, బాల్యంలోని తప్పు ఎవరికీ అనర్హత కాకూడదు, గడువు తీరాక ఆ రికార్డును ధ్వంసం చేయాలి. 2019లో భారత సుప్రీంకోర్టు ఒక కేంద్ర భద్రతా దళం ఉద్యోగం విషయంలో, మైనరుగా ఉన్నప్పటి కేసును అడ్డు పెట్టకూడదని తీర్పిచ్చింది. ఇక్కడా అక్కడా చట్టాలు ఎంతో కొంత మరిచిపోవడానికి ప్రయత్నిస్తున్నాయి. కానీ ఊరి మూతికి మూకుడు వేయగలమా అన్నారు పెద్దలు. మన నాలుగు వందల కుటుంబాల్లో తిరిగే మాటకు సీలు వేసే జడ్జి ఎక్కడా లేడు. ఆ మాటకు భయపడే తల్లిదండ్రులు మూడు వారాలు నోరు మూసుకుంటారు. లాయరుని పెట్టుకోవలసిన రోజులు అవే. పరువు పోతుందని లాయరు లేకుండా ఒప్పేసుకుంటారు. సీల్ చేయించే దరఖాస్తు కూడా మళ్ళీ కోర్టు గుమ్మం తొక్కాలని పెట్టరు. అలా మన గుసగుసలే ఒక పిల్లవాడి రికార్డును పదేళ్ళు తెరిచి ఉంచుతాయి.

అందుకే ఈ సంచిక ద్వారా రెండు మనవులు. ఎవరింట్లోనైనా ఇలాంటి కష్టమొస్తే ఆ రోజే ఎవరో ఒకరికి చెప్పండి, మాకైనా సరే, లాయరుకైనా సరే. మీకు ఇంకొకరి ఇంటి సంగతి తెలిస్తే మీ దగ్గరే ఆపేయండి. వచ్చే విద్యా సంవత్సరంలో హైస్కూలు పిల్లల తల్లిదండ్రులకోసం ఒక ఆదివారం మధ్యాహ్నం, బాలల కేసులు చూసే లాయరునీ, ఇమ్మిగ్రేషన్ లాయరునీ పిలిచి కూర్చోబెట్టాలని అనుకుంటున్నాము. ప్రశ్నలు పేరు లేకుండా చీటీ మీద రాసి ఇవ్వవచ్చు. టీ, పకోడీ మా బాధ్యత. పిల్లల్ని కూడా తీసుకురండి, వాళ్ళు వినవలసింది మనకన్నా ఎక్కువే ఉంది.